పళ్ళు పట్టి చూసే పని

పశువు వయసు కాగితం మీద దొరక్కపోతే నోట్లో దొరుకుతుంది. కింది దవడ ముందు పాలపళ్ళు రెండు ఊడి కొత్తవి వస్తే రెండు పళ్ళు. పక్కన ఇంకో జత వస్తే నాలుగు పళ్ళు. మాంసం తనిఖీలో పశువైద్యురాలిగా పనిచేసినన్నాళ్ళూ ఎన్ని దవడలు పట్టి చూశానో లెక్క లేదు. అమెరికా కబేళాల్లో వాడే కొలత కూడా ఇదే. రెండో జతలో ఒక్క పన్ను చిగురు దాటి పైకొచ్చినా ఆ పశువుకి 30 నెలలు నిండినట్టే లెక్కగడతారు.

గొడ్డు మాంసం ఎగుమతుల్లో ఈ 30 నెలల గీత మీద దేశాధినేతలు మాట్లాడుకున్నారు, మంత్రివర్గాలు కదిలాయి. కారణం బీఎస్‌ఈ, అంటే పత్రికలు మ్యాడ్ కౌ అని రాసే జబ్బు. బ్రిటన్‌లో 1986లో బయటపడింది. అది మనుషులకీ సోకుతుండొచ్చని 1996 మార్చిలో అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంది. పశువు ఒంట్లో ఈ జబ్బు ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా ఉంటుంది. ప్రమాదం ఎక్కువగా మెదడులో, వెన్నుపాములో, వాటి చుట్టుపక్కల భాగాల్లో, అదీ ముదురు పశువుల్లో. అందుకే వయసు చూస్తాం, వెన్నుపాము తీయిస్తాం. చనిపోయాక మెదడు పరీక్ష చేసినా, జబ్బు బాగా ముదిరితే తప్ప తెలియదు. లేత పశువుకి పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నిజంగా ఏమీ లేదని చెప్పలేం.

2003 డిసెంబరు 23న అమెరికా తన మొదటి కేసు ప్రకటించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాడి ఆవు, కెనడాలో పుట్టింది. జపాన్, దక్షిణ కొరియా వెంటనే అమెరికా గొడ్డు మాంసానికి తలుపులు మూసేశాయి. జపాన్ అప్పటికి రెండేళ్ళుగా తన కబేళాలకి వచ్చే ప్రతి పశువునీ పరీక్షిస్తోంది, మీరూ అలాగే చేయండి అంది. లేత పశువుల్ని పరీక్షించడంలో శాస్త్రం లేదు అంది అమెరికా. శాస్త్రం వరకు అమెరికా మాటే నిజం. కానీ జపాన్ అడుగుతున్నది శాస్త్రం ఒక్కటే కాదు. తమ దగ్గర 2001లో మొదటి కేసు వచ్చాక ప్రజల భయం పోగొట్టడానికి ప్రభుత్వం ఇచ్చుకున్న మాట అది. బయటి సరుకుకి ఆ మాట సడలిస్తే ఇంట్లో ఏం చెప్పుకోవాలి?

కాన్సస్‌లో క్రీక్‌స్టోన్ ఫార్మ్స్ అనే కంపెనీ, మా పశువులన్నిటినీ మా ఖర్చుతోనే పరీక్షించుకుంటాం, జపాన్‌కి అమ్ముకుంటాం అంది. అమెరికా వ్యవసాయ శాఖ వద్దంది. కంపెనీ కోర్టుకెళ్ళి కింది కోర్టులో గెలిచింది. 2008 ఆగస్టులో అప్పీలు కోర్టులో ఓడింది. పరీక్ష కిట్ల అమ్మకాన్ని అదుపు చేసే అధికారం శాఖకి ఉందన్నారు. ఈ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పరీక్షతో తేలేది తక్కువే అని నేనే పైన రాశాను. అయినా, అదనంగా చూస్తానన్న వాడి చేతులు ప్రభుత్వమే పట్టుకుంటే, కొనేవాడికి కలిగే అనుమానాన్ని ఏ శాస్త్రవేత్తా తీర్చలేడు.

2005 డిసెంబరులో జపాన్ 20 నెలల లోపు పశువుల మాంసానికి ఒప్పుకుంది. 20 నెలలకి పళ్ళు సాక్ష్యం చెప్పవు. పుట్టిన తేదీ రాసిన కాగితమైనా ఉండాలి, కళేబరంలో ఎముక ఎంత ముదిరిందో చూసైనా తేల్చాలి. తలుపు తెరిచి నెల తిరిగిందో లేదో, 2006 జనవరిలో నరిటా విమానాశ్రయంలో ఒక దూడ మాంసం పెట్టె విప్పితే అందులో వెన్నెముక కనిపించింది. జపాన్‌కి అది పంపకూడదని ఒప్పందంలోనే ఉంది. అమెరికాలో పంపినవాళ్ళూ గమనించలేదు, సంతకం పెట్టిన తనిఖీదారూ గమనించలేదు. తలుపు మళ్ళీ మూతపడింది. ఆ జులై దాకా తెరుచుకోలేదు.

ఆ సంతకం పెట్టిన మనిషి గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. నేనూ ఒకసారి ఒక ఆరోగ్య ధృవపత్రం మీద సీలు నంబరు ఒక అంకె తప్పు రాశాను. మాంసంలో ఏ లోపమూ లేదు, నా కళ్ళతో చూసి పంపిన సరుకు. అవతలి రేవులో కంటైనరు ఆపేశారు. మొదటి రోజు వాళ్ళ మీద మండిపడ్డాను. రెండో రోజుకి నెమ్మదించాను. అక్కడున్న అధికారికి నేనెవరో తెలియదు, నా కత్తి ఏ గ్రంథిని కోసి చూసిందో తెలియదు. ఆయనకి కనిపించేది నా కాగితం, నా సీలు. ఆ రెండూ కలవనప్పుడు ఆపకపోతే ఆయన ఉద్యోగానికి అర్థమేముంది? ఆపే హక్కు ఆయన చేతిలో ఉంది కాబట్టే, ఆపనప్పుడు అక్కడి జనం ఆ మాంసం తింటున్నారు.

కొరియాలో 2008లో జరిగింది నాకు ఇందుకే బాధ కలిగిస్తుంది. అంతకు ముందు కొరియా మరీ బిగబట్టింది. ఎముక లేని మాంసమే అని షరతు పెట్టి, 2006 నవంబరులో వచ్చిన సుమారు 9 టన్నుల సరుకులో ఒక చిన్న ఎముక తునక దొరికిందని మొత్తం తిప్పి పంపింది. అది భద్రత పేరుతో చేసిన బేరం అనే నా అభిప్రాయం. తర్వాత ఒక్కసారిగా పట్టు పూర్తిగా వదిలేసింది. కొత్త అధ్యక్షుడు లీ మ్యూంగ్-బక్ అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో అక్కడి అధ్యక్షుడు బుష్‌తో చర్చలకి కూర్చోవడానికి ముందు రోజు, ఏప్రిల్ 18న, ఒప్పందం కుదిరింది. 30 నెలలు దాటిన పశువులకీ దారి తెరిచారు. అమెరికాలో మళ్ళీ బీఎస్‌ఈ బయటపడినా, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఆ దేశపు స్థాయి తగ్గిస్తే తప్ప దిగుమతి ఆపకూడదని కూడా ఒప్పుకున్నారు.

నెలల గీత మీద వాదించుకోవచ్చు. ఆపే హక్కు వదులుకోవడం మాత్రం తనిఖీదారు చేతిలో కత్తి లాక్కోవడమే. ఆ ఒప్పందం తేదీ ఏ పశువైద్యుడూ నిర్ణయించింది కాదని జనం ఇట్టే పట్టేశారు. మే నుంచి సియోల్ వీధుల్లో కొవ్వొత్తులు వెలిగాయి. జూన్ 10న నిరసనకారులకి అడ్డంగా నడివీధిలో సరుకు రవాణా కంటైనర్లనే గోడలా పేర్చారు. అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు, మంత్రివర్గం రాజీనామాకి సిద్ధపడింది. చివరికి 30 నెలల లోపు మాంసమే పంపేలా మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నారు.

దీనికి ఎదురుగా బ్రెజిల్ ఉంది. 2017 మార్చిలో మాంసం తనిఖీదారుల లంచాల మీద పోలీసుల దాడులు జరిగితే, అధ్యక్షుడు తెమెర్ విదేశీ రాయబారుల్ని మాంసాహార భోజనానికి తీసుకెళ్ళాడు. అయినా కొన్ని దేశాలు దిగుమతులు ఆపాయి. అదే బ్రెజిల్ 2021 సెప్టెంబరులో, ముసలి ఆవుల్లో దానంతటదే వచ్చే రకం బీఎస్‌ఈ కేసులు రెండు కనిపించగానే, చైనాతో ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం తనంతట తానే ఎగుమతి ఆపుకుంది. మూడు నెలలకి పైగా నష్టం భరించింది. రాయబారుల విందు కన్నా ఆ మూడు నెలలే నాకు ఎక్కువ నమ్మకం కలిగించాయి.

జపాన్ తన గీతని 2013లో 30 నెలలకి జరిపింది, 2019 మేలో పూర్తిగా తీసేసింది. కొరియా అమెరికా బీఫ్‌ని బోలెడంత కొంటుంది, కానీ 2025 జులైలో సుంకాల మీద అమెరికా నుంచి అంత ఒత్తిడి వచ్చినప్పుడు కూడా 30 నెలల గీత చెరపలేదు. రోగం లెక్కలో చూస్తే ఆ గీత అవసరం ఇప్పుడు చాలావరకు తీరిపోయింది. ఆ సంగతి కొరియా పశువైద్యులు తమ జనానికి తమ నోటితో, ఏ శిఖరాగ్ర సమావేశమూ దగ్గర్లో లేని రోజున చెప్పాలి. అప్పటిదాకా అక్కడికి పంపే ప్రతి పశువు దవడనీ ఎవరో ఒకరు విప్పి, రెండో జత మొలిచిందో లేదో చూస్తూనే ఉంటారు.