గోంగూర తప్పేం లేదు

బ్రాడీపేటలో పళ్ల డాక్టర్‌గా కూర్చున్నాక గుంటూరు అమ్మలు ఏ పంటి బాధకైనా రెండే కారణాలు చెబుతారని తెలిసింది: చాక్లెట్లు, లేకపోతే గోంగూర. "పళ్లు జివ్వుమంటున్నాయంట మేడం, పులుపు మానమంటే మానదు" అంటారు. తినే పులుపు వల్ల ఎక్కువగా పళ్ల బయటివైపు అరుగుతుంది. కానీ కొందరు ఇంటర్, బీటెక్ పిల్లలకి పైవరస ముందుపళ్లు లోపల, అంగిలివైపు అరిగి ఉంటాయి. అద్దం పెట్టి చూస్తే నున్నగా మెరుస్తుంటాయి, అంచులు పలచబడి వెలుతురు పారుతుంటుంది. దవడ పంట్లో ఎప్పుడో పెట్టించిన సిమెంటు అలాగే ఉండి, చుట్టూ పన్ను కరిగిపోయి, ఆ సిమెంటు చిన్న దిబ్బలా పైకి తేలుతుంది. కింది ముందుపళ్లకి మాత్రం నాలుక అడ్డం ఉంటుంది కాబట్టి అవి చాలావరకు బాగానే ఉంటాయి.

ఇలా లోపలివైపు అరగదీసే పులుపు కడుపులోంచి వచ్చింది. తిన్నదంతా బాత్రూమ్‌లో వాంతి చేసుకుంటున్న పిల్ల అన్నమాట. చెవి కింద గ్రంథులు కూడా ఉబ్బుతాయి. గవదబిళ్లలనుకుని తీసుకొచ్చేవాళ్లున్నారు, మనవరాలికి బూరెబుగ్గలు వచ్చాయని మురిసిపోయే అమ్మమ్మలూ ఉన్నారు! వాంతి కోసం గొంతులో వేళ్లు పెట్టుకోవడంతో వేళ్ల కణుపుల మీద పళ్లు గీరుకున్న మచ్చలుంటాయి. 1979లో ఈ జబ్బుకి బులీమియా నెర్వోసా అని పేరు పెట్టిన జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు వీటిగురించి రాశాడు, అందుకే ఆ మచ్చలకి ఆయన పేరే ఉండిపోయింది. బరువు చాలామందికి మామూలుగానే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

నాకు పళ్లకన్నా భయం పొటాషియం. వాంతులతో, విరేచనాలయ్యేందుకు మింగే మాత్రలతో రక్తంలో అది పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది కూడా. అందుకే అనుమానం వస్తే మత్తు ఇంజెక్షన్ జోలికి పోకుండా ముందు రక్తపరీక్షకీ, ఈసీజీకీ ఫిజీషియన్ దగ్గరికి పంపుతాను. అదే చీటీ మీద సైకియాట్రిస్టు పేరూ రాస్తాను. విడిగా చెబితే "పెళ్లి కావాల్సిన పిల్ల మేడం" అంటారు.

తిండే మానేసే అనొరెక్సియా పిల్లలు నోరు తెరవకముందే తెలిసిపోతారు. మే నెలలో కూడా చేతులు చల్లగా ఉంటాయి, ముంజేతుల మీద నూగు మొలుస్తుంది, నాడి బాగా నెమ్మదిగా కొట్టుకుంటుంది. నెలసరి ఆగిపోతుంది. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో అవి గుల్లబారితే, తర్వాత బరువు పెరిగినా ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. ఇంత జరుగుతుంటే చుట్టాలేమో "సన్నబడి భలే ఉన్నావే" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకొకటి. చాలా రోజులు మాడిన పిల్ల తింటానందని ముద్దపప్పు, నెయ్యి, అన్నం ఒక్కసారిగా కుక్కకండి. అలా చేస్తే రక్తంలో ఫాస్ఫేట్ దిగిపోయి, గుండెకీ ఊపిరికీ ముప్పు వస్తుంది. మొదటి రోజుల్లో ఎంత పెట్టాలన్నది డాక్టర్ చూసుకోవాలి, బాగా నీరసించినవాళ్లని ఆసుపత్రిలోనే ఉంచాలి.

క్యాపుల కోసం తొందరపెడతారు, సంబంధం వచ్చిందని. వాంతులు తగ్గేదాకా వేయను, వేసినా నిలవవు. ఈలోగా పిల్లలకి నేను చెప్పేది: వాంతి అయితే వెంటనే బ్రష్ చేయొద్దు, మెత్తబడిన ఎనామెల్ గీసుకుపోతుంది. నీళ్లలో కాస్త వంటసోడా వేసి పుక్కిలించండి. ఇంట్లో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.