ఆ రాత్రి మానిటర్ మీద 34

"మీ ఇండియన్ పిల్లలు సన్నగానే ఉంటారు కదా" అన్నారు డాక్టరు. అది 2017 అక్టోబరు, నాకు పదిహేనేళ్లు. లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు, అనొరెక్సియా, నాకు పట్టుకుంది. ఏడు నెలల్లో బాగా తగ్గాను. ఎన్ని కిలోలో రాయను, ఆ అంకె చూసి తమతో పోల్చుకునే ఆడపిల్లలు ఉంటారని నాకు తెలుసు. నెలసరి ఆగి నాలుగు నెలలైంది. జుట్టు ఊడిపోతోందని అమ్మ చెప్పబోతే, శాకాహారులు కదా అని ఐరన్ మాత్రలు రాసి పంపేశారు. మా వీధిలో ఒక తెల్లమ్మాయి నాలాగే చిక్కిపోతే, అదే డాక్టరు వెంటనే గుర్తుపట్టి పెద్దాసుపత్రికి పంపారు. ఆ తేడాను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పదకొండో ఏట గుంటూరు నుంచి అమెరికాలోని మినియాపొలిస్ శివారుకు వచ్చాం. బళ్లో మా లంచ్ టేబుల్ దగ్గర అయిదుగురం. సోమాలీ స్నేహితురాలు సమోసాల్లాంటి సంబూసాలు తెచ్చి అందరికీ పంచేది. కూతురు చిక్కితే వాళ్లమ్మ బెంగపడేదట. మోంగ్ అమ్మాయిని (ఆగ్నేయాసియా కొండల నుంచి వచ్చిన తెగ వాళ్లది) బంధువులు ముఖం మీదే లావయ్యావనేవారు, పక్కనే ఇంకాస్త తినమని అన్నం వడ్డించేవారు. నల్లజాతి అమ్మాయి నా నడుము గొడవ విని "నీకేమైందే, బాగానే ఉన్నావుగా" అనేది. తెల్లమ్మాయి క్యాలరీల లెక్క అందరి ముందే చెప్పేది. నేను మాత్రం ఉపవాసం అనేదాన్ని. శనివారం, ఏకాదశి, కార్తీక సోమవారం. ఏదీ కుదరని రోజు "పొద్దున ఇడ్లీలు తిన్నా, ఆకలిగా లేదు". నా జబ్బును దాచడానికి పంచాంగాన్నే వాడుకున్నాను. దేవుడి పేరు చెబితే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

అంతకుముందు ఒక బారసాలలో ఒక ఆంటీ నా పళ్లెంలోకి చూసి "ముఖం చక్కనిది, ఒళ్లు కాస్త తగ్గితే ఎంత బాగుంటుందో" అన్నారు. ఆర్నెల్ల తర్వాత ఆవిడే నా చెయ్యి పట్టుకుని "ఏం చేశావే, మా అమ్మాయికీ చెప్పు" అన్నారు. అప్పటికి నేను మెట్లెక్కితే కళ్లు తిరిగేవి.

డిసెంబరులో బాత్రూంలో పడిపోయాను. పగలు నాడి నిమిషానికి 41. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆ మొదటి రాత్రి నిద్ర పడుతుండగానే మానిటర్ మోగేది, నర్సు పరుగున వచ్చి లేపేది. మళ్లీ కన్నంటుకుంటే మళ్లీ మోత. ఒకసారి తల తిప్పి చూస్తే తెర మీద 34. నిద్రపోతే ఇక లేవనని నిశ్చయించుకుని కళ్లు తెరుచుకునే పడుకున్నాను. పక్క కుర్చీలో అమ్మ విష్ణు సహస్రనామం చదువుతోంది. మధ్యలో ఆపేసి "నీకు నేనేం తక్కువ చేశానే తల్లీ" అంది. అమ్మ శ్లోకం మధ్యలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు. "ఆకలేస్తోందమ్మా, తినాలంటే భయమేస్తోంది" అన్నాను. ఆ మాట నోటితో అనడం అదే మొదటిసారి. నర్సు వెచ్చటి దుప్పటి తెచ్చి నా పాదాలకు చుట్టింది. "నీ గుండె ఆగిపోవాలని చూడట్లేదు, తిండి లేక పొదుపు చేసుకుంటోంది" అని చెప్పి, తెల్లారేదాకా పదేపదే వచ్చి చూసింది. ఆమె పేరు అడగలేదు. ఆ బాధ ఉంది.

తర్వాత రోజూ రక్తపరీక్షలే. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ప్రమాదమట. అక్కడి జాబితా నిండా చీజ్ శాండ్‌విచ్‌లు, మఫిన్లు. ముద్దపప్పు అన్నం తేవచ్చా అని అమ్మ భయపడుతూ అడిగితే, ఆ డైటీషియన్ కుర్చీ దగ్గరకు లాక్కుని ఎంత పప్పు, ఎన్ని చెంచాల నెయ్యి అని అడిగి రాసుకుంది. ఆమెకు రోజూ దండం పెట్టుకుంటాను. ఇంటికొచ్చాక మూడు పూటలు తిండి, మూడుసార్లు చిరుతిండి, ఎదురుగా అమ్మో నాన్నో. ఒకసారి పళ్లెం గోడకేసి కొట్టాను. నాన్న ఏమీ అనకుండా మెతుకులు ఏరి ఇంకో పళ్లెం పెట్టారు. నెలసరి తిరిగి రావడానికి పది నెలలు పట్టింది.

కాలేజీలో తెలిసింది: 1998-99లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు మా జంట నగరాలైన మినియాపొలిస్, సెయింట్ పాల్ బళ్లలోనే ప్రాజెక్ట్ ఈట్ పేరుతో 4,746 మంది పిల్లలను తిండి, బరువు గురించి అడిగారు. బరువు గురించిన బెంగ నల్లజాతి అమ్మాయిల్లో తక్కువ కనిపించింది. ఆసియా అమ్మాయిల్లో తెల్లవాళ్లతో సమానంగా, కొన్నిట్లో ఎక్కువగానూ ఉందట. అది అచ్చయింది 2002లో, నేను పుట్టిన ఏడాది. ఆ కాగితం చేతిలో పట్టుకుని లైబ్రరీలో ఏడ్చాను. మా ఊళ్లో, మా డాక్టరు గుమ్మం దగ్గరే ఉన్న సంగతి!

అమ్మలూ, పిల్ల ఎండాకాలంలో కూడా రెండు స్వెట్టర్లు వేసుకుంటుంటే, అందరికీ వండి తను తినకుంటే, నెలసరి ఆగితే, "మా వాళ్లంతా సన్నమే" అని మీరూ అనకండి. పిల్ల ఎత్తు, బరువుల పాత కొలతలు డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి నాడి చూడమని అడగండి.

"నీ ఉపవాసాలన్నీ నా ఖాతాలో వేసుకుంటా, నువ్వు ప్రసాదం తిను, ఆయనకు అదే ఇష్టం" అంది అమ్మమ్మ. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. మొన్న కార్తీక సోమవారం, చుక్కను చూసి తను ఇంకా ముద్ద నోట్లో పెట్టకముందే ఫోన్ చేసింది. ఇక్కడ పొద్దున ఏడు.

"తిన్నావా అమ్మడూ?"

"మూడు ఇడ్లీలు తిన్నా అమ్మమ్మా. కారప్పొడి, నెయ్యి."

"ఇంకోటి వేసుకో."

వేసుకున్నాను.