మొవ్వకుళ్లా, కాండంకుళ్లా?

మా కావలి వైపు ఇసుక నేలల్లో వేరుశనగ మొవ్వ మాడిందంటే, చూసినవాళ్లంతా మొవ్వకుళ్లు అనేస్తారు. మా బావా అంతే. నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను కదా, ఓ మొక్కను వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి బండి మీద తెచ్చాడు. ‘ఏం మందు కొట్టాలో చెప్పు’ అన్నాడు. లేతాకుల్లో ఈనెలు నల్లబడ్డాయి, ఆకు కాడ నుంచి మాడు కాండంలోకి దిగింది. గట్టు మీద వయ్యారిభామ కలుపు విరగబూసిందా అని అడిగితే, బూసిందన్నాడు. నా అనుమానం కాండంకుళ్లు మీదికే పోయింది. ఖాయం చేయాలంటే ల్యాబ్‌లో వైరస్‌ను గుర్తించే ఎలీసా పరీక్ష ఉండాల్సిందే.

ఈ రెండూ వైరస్ తెగుళ్లే. రెండింటికీ తామర పురుగే వాహకం, రెండు వైరస్‌లలోనూ ఆర్‌ఎన్‌ఏ మూడు ముక్కలు. అయినా వీటి మధ్య దగ్గరి చుట్టరికం లేదు. మొవ్వకుళ్లు తెచ్చేది ఆర్థోటోస్పోవైరస్. దానికి కొవ్వు పొర ఉంటుంది. పురుగు పిల్లదశలో రసంతోపాటు దాన్ని ఎక్కించుకుంటేనే పెద్దయ్యాక అంటించగలదు. అది పురుగు ఒంట్లోనూ పెరుగుతుంది మరి! దాని దాయాదులు ఎక్కువగా జంతువులవి, మనుషులకు సోకే హంటా వైరస్ కూడా ఆ వంశమే. కాండంకుళ్లు వైరస్‌ది బ్రోమోవిరిడే కుటుంబం, పొర లేదు. అది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి ఆకు మీద పడితే, తామర పురుగు గీరిన గాట్ల గుండా వైరస్ లోపలికి పోతుంది. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను ముంచింది ఇదే. పేరు మాత్రం టొబాకో స్ట్రీక్ వైరస్. మొదట ఏ పంటలో కనిపిస్తే ఆ పంట పేరు తగిలించేస్తారు, కొండపి పొగాకు రైతుకు ఏం పాపం తెలుసు?

బావకు చెప్పింది ఒకటే. వైరస్‌ను చంపే మందు లేదు, దుకాణంలో ఎంత నమ్మకంగా అమ్మినా సరే. పూతకు రాకముందే వయ్యారిభామ పీకించు, వచ్చేసారి చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వెయ్యి.

మొక్కల వైరస్‌లలో సాధారణంగా ఒంటిపోచ ఆర్‌ఎన్‌ఏ ఉంటుందని పిల్లల చేత బట్టీ పట్టిస్తాం. తప్పు కాదు గానీ, వరికి వచ్చే టుంగ్రో తెగులు దగ్గర ఆ మాట చాలదు. ఒకే తెగులులో రెండు వైరస్‌లు. ఒకటి డీఎన్‌ఏది, ఆర్‌ఎన్‌ఏ నుంచి మళ్లీ డీఎన్‌ఏ రాసుకుంటుంది, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బీ లాగే. మొక్కను గిడసబార్చి పసుపెక్కించేది ముఖ్యంగా అదే. కానీ పచ్చదోమ మీద ఒంటరిగా ఊరు దాటలేదు. రెండోది ఆర్‌ఎన్‌ఏ వైరస్, వర్గీకరణలో పోలియో వైరస్ ఉన్న క్రమంలోదే (ఆర్డర్). తాను పెద్దగా లక్షణాలేమీ చూపించదు, మొదటిదాన్ని మాత్రం దోమ మీదికి ఎక్కిస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బాల్టిమోర్ 1971లో వైరస్‌లను విడదీసింది జన్యుపదార్థాన్ని బట్టి, అది నకలు తీసుకునే పద్ధతిని బట్టి. ఎవరికి సోకుతుందన్నది ఆయన లెక్కలో లేదు. మొక్కల వైరస్‌ల వాళ్లు మాత్రం 1990ల దాకా కుటుంబాలు, ప్రజాతులు వద్దని, ‘గ్రూపులు’ అంటూనే నెట్టుకొచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ మొక్కలవి ఒక గడి, జంతువులవి ఒక గడి. ఈసారి క్లాసులో టుంగ్రోను ఏ గడిలో పెడతారో పిల్లల్నే అడుగుతాను.