తాత రైఫిల్, నా చత్వారం, ఒక పీప్ సైట్

నలభై అయిదు దాటిన కంటికి ఓపెన్ సైట్లతో గురి చూడటం తలకు మించిన పని. బ్యారెల్ మీద వెనక సైట్ గాడి, మూతి దగ్గర ముందు సైట్ పూస, అల్లంత దూరాన టార్గెట్. మూడూ మూడు దూరాల్లో ఉంటాయి. చిన్న వయసులో కన్ను వాటి మధ్య ఎంత చురుగ్గా తిరుగుతుందంటే, మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తున్నాయనే అనుకుంటాం. చత్వారం వచ్చాక ఆ భ్రమ పోతుంది. దూరపు అద్దాలు పెట్టుకుంటే టార్గెట్ బాగుంటుంది, గాడి అలుక్కుపోతుంది. దగ్గరి అద్దాలు పెడితే గాడి బాగుంటుంది, టార్గెట్ ఎక్కడుందో వెతుక్కోవాలి. తిరుపతి పద్మావతి కాలేజీలో చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపుల్లో .22 రైఫిల్‌తో 25 గజాల గ్రూపింగ్ (గుండ్లన్నీ ఒకేచోట పడేలా కాల్చడం) బాగా కొట్టేదాన్ని. అదే ధైర్యంతో ఇన్నేళ్ళ తర్వాత మా తాత రైఫిల్ పట్టుకుంటే గుండ్లు కాగితం నిండా చెదిరిపోయాయి.

ఆ రైఫిల్ బ్రనో, .22 బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి తూటా ఎక్కించేది), చెకోస్లొవేకియాలో చేసింది. భాకరాపేట వైపు మాకు పొలాలున్న రోజుల్లో తాత కుందేళ్ళకీ కౌజు పిట్టలకీ కొన్నాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. చిన్న జంతువులకు లైసెన్సు మీద వేటాడే వెసులుబాటు కొన్నాళ్ళు మిగిలినా, 1991 సవరణతో అదీ పోయింది. తలకోనతో పాటు శేషాచలంలో కొంత భాగం ఇప్పుడు నేషనల్ పార్కు. కాబట్టి ఈ రైఫిల్‌కి వేట అనే మాటే లేదు. షూటింగ్ రేంజ్‌లో కాగితం మీద కాల్చడమే.

లైసెన్సు నాన్న పేరు మీద ఉండేది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, ఆయుధం 25 ఏళ్ళుగా తన దగ్గరున్నా, తాను బతికుండగానే వారసుల్లో ఒకరికి ఇవ్వచ్చు. నాన్నకి రెండూ వర్తిస్తాయి. తమ్ముడు అభ్యంతరం లేదని సంతకం పెట్టాడు. పాత ఫైలు చిత్తూరు కలెక్టరేట్‌ది, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడింది, కనుక ఆ ఫైలు ఇక్కడికి చేరేదాకా ఒకటే టెన్షన్. పోలీసు విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధం వాడే శిక్షణ సర్టిఫికెట్, నేషనల్ డేటాబేస్‌లో నంబరు, చెన్నై రేంజ్‌కి తీసుకెళ్ళడానికి తమిళనాడు పేరు కూడా చేర్పించడం... ఆ పురాణం ఇంకోసారి రాస్తాను. ఒక్క ఊరట ఏమిటంటే, 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది.

రేంజ్‌లో కుర్రాళ్ళందరిదీ ఒకటే మాట, "స్కోప్ పెట్టేయండి మేడమ్, పనైపోతుంది." పనైపోతుంది, నిజమే. కానీ ఆ సన్నటి వాల్‌నట్ కర్ర, నల్లటి బ్యారెల్ మీద స్కోప్ పెడితే రైఫిల్ బరువూ తీరూ మారిపోతాయి. తల కూడా స్టాక్ (చెంప ఆనించే ఆ కర్ర) మీద పైకెత్తి పెట్టాలి, చెంపకి ఆసరా ఉండదు. అసలు పాత వేట రైఫిళ్ళకి స్కోప్‌లు మామూలు కాకముందే దీనికి మందుంది, అదే పీప్ సైట్. వెనక సైట్‌లో గాడికి బదులు గుండ్రటి చిల్లు ఉంటుంది, దాన్లోంచి గురి చూడాలి. విలియం లైమన్ అనే అమెరికన్ 1878లో కంపెనీ పెట్టి అమ్మింది ఈ చిల్లు సైట్లనే. మన సైన్యం దశాబ్దాలు వాడిన ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ వెనక సైట్ కూడా చిల్లే. వేటకి గాడి, పోటీలకి చిల్లు అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఎలా స్థిరపడిందో తెలీదు గానీ, అది మాత్రం తప్పు.

డబ్బు పెట్టకముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేశాను. నల్ల కాగితానికి సూదితో చిల్లు పొడిచి, అద్దాలు తీసేసి, గోడ మీదున్న టీటీడీ క్యాలెండర్లో తిథి నక్షత్రాల చిన్న అక్షరాలు దాన్లోంచి చూశాను. అప్పటిదాకా బూజు పట్టినట్టున్న గీతలు అక్షరాలైపోయాయి. చిల్లు చిన్నదయ్యేకొద్దీ పక్కల నుంచి వచ్చే కిరణాలు ఆగిపోతాయి, కంట్లో పడే మసక వలయం చిన్నదవుతుంది, దగ్గరదీ దూరందీ రెండూ ఓ మాదిరి స్పష్టంగా కనిపిస్తాయి. పీప్ సైట్ చేసే మేలులో సగం ఇదే.

మిగతా సగం ఇంకా గొప్పది. గుండ్రటి చిల్లులోంచి చూసినప్పుడు కన్ను దానంతట అదే మధ్యకి వెళ్తుంది, వెలుతురు ఎక్కువ వచ్చేది అక్కడే కనుక. వెనక సైట్‌ని సరిచూసుకునే పని మనకుండదు. మూడింట్లో ఒకటి తగ్గింది. ముందు సైట్, టార్గెట్, అంతే. పైగా వెనక సైట్ కంటి దగ్గరకి రావడంతో రెండు సైట్ల మధ్య దూరం పెరుగుతుంది. నా రైఫిల్ మీద టేపు పెట్టి కొలిస్తే పాత గాడి నుంచి పూసకి 46 సెంటీమీటర్లు, కొత్త చిల్లు నుంచి 72. సైట్లు అంతే తేడాతో తప్పినా, టార్గెట్ మీద దాని ఫలితం మూడోవంతుకు పైగా తగ్గుతుందన్నమాట.

ఇక సైట్ ఎక్కడ దొరుకుతుంది? మన దగ్గర పాత రైఫిళ్ళకి సరిపోయే రిసీవర్ సైట్లు (బ్యారెల్ వెనక, బోల్ట్ కదిలే రిసీవర్ అనే భాగం మీద బిగించే పీప్ సైట్లు) షాపులో అడిగితే నవ్వుతారు. రిసీవర్‌కి డ్రిల్లు వేసి మర తీసి ఏదో ఒకటి బిగిస్తామన్నవాళ్ళు దొరికారు. తాత వస్తువుకి చిల్లు వేయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అదృష్టం కొద్దీ దీని రిసీవర్ మీద పొడవునా 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి (సైట్‌ని జరిపి బిగించుకునే పట్టు) ఉంది. టార్గెట్ ఎయిర్ రైఫిళ్ళ డయాప్టర్లు (మరలు తిప్పి సర్దుకునే పోటీ పీప్ సైట్లు) పట్టుకునేదీ అదే కొలత గాడికే. చెన్నై రేంజ్‌లో సీనియర్ ఒకాయన, నెల్లూరు మనిషి, పోటీలు మానేశాక బీరువాలో పడున్న పాత డయాప్టర్ ఇచ్చారు. "ముందు బోల్ట్ పూర్తిగా వెనక్కి వస్తుందో లేదో చూసుకోమ్మా, తర్వాత సంతోషిద్దువు" అన్నారు. మంచి మాట. బోల్ట్ వెనక్కి లాగితే డయాప్టర్ బాడీ కింద నుంచి వెంట్రుకవాసిలో జారింది. సేఫ్టీ పిడి మాత్రం తగిలింది. సైట్‌ని గాడి మీద కాస్త ముందుకి జరిపితే ఆ ఇబ్బందీ పోయింది. అందుకని ఎవరైనా సరే కొనేముందు ఖాళీ రైఫిల్ మీద పెట్టి బోల్ట్ ఎత్తి, లాగి, సేఫ్టీ అటూ ఇటూ తిప్పి చూడాలి. .22కి తన్ను ఉండదు గానీ, .315 లాంటి పెద్ద రైఫిల్ అయితే చిల్లు కనుబొమ్మకి తగలనంత ఎడం ఉందో లేదో కూడా చూసుకోవాలి.

రేంజ్‌లో తీసి చూస్తే మొదట చీకటే. పోటీ డయాప్టర్ డిస్కు చిల్లు ఒక మిల్లీమీటరుకు కాస్త పైన. వెలుగు నిండిన ఎయిర్ రైఫిల్ హాల్లో తెల్ల కాగితానికి అది భేషుగ్గా ఉంటుంది. సన్నటి పూసకి, మబ్బు పట్టిన పొద్దుటి వెలుతురుకి కాదు. పట్టపగలు మన కనుపాప 2 నుంచి 4 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వెలుతురు తగ్గితే ఇంకా ఎక్కువ. చిల్లు అంతకంటే మరీ చిన్నదైతే అంతా మసకబారుతుంది. పాత వేటగాళ్ళు లోపలి డిస్కు విప్పేసి ఒట్టి రింగులోంచే కాల్చేవాళ్ళు. పల్చటి అంచున్న పెద్ద రింగు కంటికి దాదాపు కనిపించకుండా పోతుంది, దాన్నే ఘోస్ట్ రింగ్ అంటారు. చిల్లు పెద్దదైతే గురి పాడవుతుందనుకుంటాం. కన్ను పెద్ద వలయం మధ్యని కూడా బాగానే పట్టుకుంటుంది కాబట్టి, అనుకున్నంత నష్టం ఉండదు. నేను మధ్యేమార్గంగా స్పేర్ డిస్కుకి రెండున్నర మిల్లీమీటర్ల చిల్లు వేయించాను.

తర్వాతి సమస్య ఎత్తు. రిసీవర్ మీది చిల్లు పాత గాడి కంటే పైనుంటుంది. వెనక సైట్ ఎత్తు పెరిగితే గుండు పైకి పోతుంది. డయాప్టర్‌ని కిందికి తిప్పగలిగినంత తిప్పేశాను, అయినా 25 మీటర్లలో గుండ్లు 60 మిల్లీమీటర్లు పైనే పడ్డాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క తెలిసుంటే చాలు. తప్పిన దూరాన్ని సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. 60 ఇంటూ 720, బై 25,000. సుమారు 1.7 మిల్లీమీటర్లు. ముందు సైట్ అంత ఎత్తు పెరగాలి. వెనక సైట్‌ని గుండు ఎటు పోవాలో అటు జరపాలి, ముందు సైట్‌ని మాత్రం గుండు ఎటు తప్పుతోందో అటు. ఇది ఎన్‌సీసీలో బట్టీ పట్టిందే, ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తర్వాత సర్దుబాటుకి చోటుండాలని 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుతో కొత్త పూస చేయించాను. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరే. మన లీలామహల్ సర్కిల్ చుట్టుపక్కల చేయి తిరిగిన లేత్ పనివాళ్ళకి కొదవ లేదు. కానీ ఆయుధ చట్టం ప్రకారం తుపాకీ రిపేరు చేయడానికి కూడా లైసెన్సుండాలి. పాపం వాళ్ళని ఇరికించడం ఎందుకు?

కొత్త పూస ఇనుము తళతళలాడుతూ వచ్చింది. ఎండ ఎడమ పక్క నుంచి పడితే ఆ పక్క మెరుస్తుంది, కన్ను ఆ మెరుపునే పూస అనుకుంటుంది, గుండు కుడి వైపుకి పోతుంది. దీనికి పాతకాలం షూటర్ల మందు కర్పూరం మసి. తిరుపతిలో కర్పూరానికి వెతుక్కోవాలా? పూసని రైఫిల్ నుంచి విప్పి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించి పొగ పైన తిప్పాను. రెండు బిళ్ళలు కాలేసరికి మఖ్మల్ లాంటి నలుపు పట్టింది. వేలు తగిలితే పోతుంది, కాబట్టి రేంజ్‌కి వెళ్ళే ముందే చేసుకోవాలి. దేవుడి గదిలో కాదులే, పెరట్లో చేశాను. నాన్న కుర్చీలోంచి చూస్తూ, "ఏమ్మా, తుపాకికి హారతిస్తాండావా?" అన్నాడు. తర్వాత ఖాళీ రైఫిల్ అందిస్తే డయాప్టర్‌లో కన్ను పెట్టి, "ఈ బొక్కలో ఏం కనపడతాది" అని గొణిగి, గొణుగుతూనే ఎదురుగా జామచెట్టు మీద కాయల్ని లెక్కపెట్టాడు.

కంటి డాక్టర్ దగ్గర కూడా చిన్న పని చేయించాను. మామూలు దూరపు నంబరుకి 0.50 కలిపి ఒక జత అద్దాలు. అప్పుడు సడలిన కన్ను రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది, అటు పూసకీ ఇటు టార్గెట్‌కీ మధ్యన. మిగతాది చిల్లు చూసుకుంటుంది. బైఫోకల్స్‌తో మాత్రం ప్రయత్నించకండి, తల ఏ కొంచెం కదిలినా గీత అడ్డమొస్తుంది.

కాల్చేటప్పుడు చేయాల్సింది చెప్పడానికి సులువు, అలవాటు కావడానికే టైం పడుతుంది. చిల్లుని చూడకూడదు. దాన్ని మరిచిపోవాలి. చూపు పూస మీదే ఉండాలి, టార్గెట్ నలుపు పూస పైన కూర్చున్నట్టు, మధ్యలో సన్నటి తెల్ల గీత ఉన్నట్టు. గాడి సైట్లకి అలవాటైన మనసు పదే పదే రింగులో పూస మధ్యకొచ్చిందా అని వెనక్కి వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ గుండు పక్కకి పోతుంది. చెంప ప్రతిసారీ కర్ర మీద ఒకే చోట ఆనితే చాలు, మధ్య అదే కుదురుతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో నల్ల భాగం వెడల్పు 112.4 మిల్లీమీటర్లు, పది మార్కుల వలయం 10.4. పాత గాడితో నల్ల భాగంలో పడితే గొప్ప అనుకునేదాన్ని. ఇప్పుడు బోర్లా పడుకుని కాల్చిన అయిదు గుండ్లని అగ్గిపెట్టెతో మూసేయచ్చు. పోటీ షూటర్లకి అది లెక్కలోకి రాదు. తాతల కాలపు బ్యారెల్‌కీ నా కళ్ళకీ అది చాలా ఎక్కువ. వెలుతురు పడిపోయే సాయంత్రం మాత్రం పీప్ సైట్‌తో లాభం లేదు, డిస్కు విప్పి కాల్చినా సరే ఓపెన్ సైట్ కంటే గొప్పేం ఉండదు. అప్పుడు సర్దుకుని ఇంటికి పుత్తూరు రోడ్డు పట్టడమే.

పాత వెనక సైట్ తీయలేదు. 25 నుంచి 200 మీటర్ల దాకా అంకెలున్న ఆ పట్టీ బ్యారెల్ మీద పడుకునే ఉంది, చిల్లులోంచి చూపుకి అడ్డం రాదు. ముందు పూస ఎత్తు పెరిగింది కనుక దాంతో కాల్చాలంటే జారుడు బిళ్ళని పై అంకెకి జరపాలి, లేకపోతే గుండు కింద పడుతుంది. పాత పూస ఒక డబ్బాలో భద్రం.

ఎన్నికల కోడ్ వస్తే రైఫిల్ స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు. అప్పుడు డయాప్టర్ విప్పి ఇంట్లో ఉంచుకుని, రసీదులో రైఫిల్ వివరాలు మాత్రమే రాయిస్తున్నాను. డవ్‌టెయిల్ మీద అది ఉండే చోట తెల్ల పెన్సిల్ గీత, దాని రెండు మరల రీడింగులు కేసు మూత లోపల కాగితం మీద. మళ్ళీ బిగించాక మొదటి తూటాలు 25 మీటర్లకే, ఆ రీడింగులు నిలబడ్డాయని తేలాకే 50కి వెళ్తాను.