ఒకే సీసీ, రెండు స్వభావాలు

సీసీ అంకె చూసి బైకును అంచనా వేయడం నాకు ఎప్పుడూ నచ్చదు. ఆదివారం పొద్దున విజయవాడ నుంచి గుంటూరు వెళ్తూ, మంగళగిరి దాటాక మా బావా నేనూ బండ్లు మార్చుకున్నాం. ఆయనది నింజా 650, నాది సీబీఆర్ 650ఆర్. రెండూ 649 సీసీలే. గరిష్ఠ టార్కు, అంటే ఇంజను తిప్పే బలం కూడా దాదాపు సమానమే. అయితే నింజాలో అది 6,700 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే అందుతుంది, సీబీఆర్‌లో 9,500 దాకా ఆగాలి.

నింజా మీద లారీని దాటడానికి గేరు తగ్గించే పనే పడలేదు. థ్రాటిల్ కొంచెం తిప్పగానే బండి ముందుకు దూకింది. అదే చోట నా సీబీఆర్‌కు రెండు గేర్లు దించాలి. కానీ దించాక ఆ నాలుగు సిలిండర్లు ఎత్తుకునే రాగం ఉందే, పైకి వెళ్లేకొద్దీ ఇంకా ఇంకా కావాలనిపిస్తుంది!

కారణం ఇంజను కొలతల్లోనే ఉంది. నింజాలో రెండు పెద్ద పిస్టన్లు, స్ట్రోకు 60 మి.మీ. సీబీఆర్‌లో నాలుగు చిన్నవి, స్ట్రోకు 46 మి.మీ. మాత్రమే. పిస్టను కదిలే దూరం తక్కువ కాబట్టి ఇంజను 12,000 ఆర్‌పీఎం వద్ద కూడా హాయిగా తిరుగుతుంది, గరిష్ఠ శక్తి అక్కడే వస్తుంది.

రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లేవారికైతే నిస్సందేహంగా నింజానే చెబుతాను. నేను మాత్రం సీబీఆర్‌ను వదలను. ఇక రెండు సిలిండర్లూ సమాన విరామాల్లో కాకుండా పేలేలా చేసే 270 డిగ్రీల క్రాంకు ఉన్న ఏప్రిలియా ఆర్‌ఎస్ 660 నడిపి చూడాలని ఉంది. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, గుంటూరు దాకా నేనే వస్తాను.