ఇంకో మూడు గంటలు పోతే ఫెస్టస్ ఊరు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లకి మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో వెళ్లొచ్చినవాళ్లకి చెప్పక్కర్లేదు. కోడలు మీటింగుల్లో, మనవడు నిద్రలో, మా ఆయన ఫోన్లో క్రికెట్ హైలైట్స్‌లో. కారు లేనిదే పాల ప్యాకెట్టు కూడా దొరకని చోటు. అలా రిమోట్ నొక్కుతూ కూర్చున్న ఒక మధ్యాహ్నం గన్‌స్మోక్ తగిలింది. 1955 నుంచి 1975 దాకా నడిచిన పాత కౌబాయ్ సీరియల్. మొత్తం 635 ఎపిసోడ్లట. ఈ పాత టీవీ ఛానెళ్లలో ఇప్పటికీ వేస్తూనే ఉంటారు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని మొదలుపెట్టాను, ఇక వదల్లేదు.

కథ జరిగే డాడ్జ్ సిటీ మా అబ్బాయి ఉండే కాన్సస్ రాష్ట్రంలోనే ఉందని తెలిశాక ఊరుకుంటానా? "అక్కడ పశువుల వాసన తప్ప ఏమీ ఉండదమ్మా, కొలరాడో కొండలకి తీసుకెళ్తాను" అన్నాడు వాడు. నేను వినలేదు. చివరికి ఒక శనివారం తెల్లారకుండానే పులిహోర డబ్బాతో సహా కారెక్కాం.

ఐ-35 హైవే మీద ఎంపోరియా దాకా గొడవ లేదు. అక్కడినుంచి విచిటా మీదుగా పోతే రోడ్డు బాగుంటుందన్నాడు. నాకు మాత్రం యూఎస్-50 కావాలి. ఎందుకంటే న్యూటన్ దాటాక, హచిన్‌సన్‌కి ముందు, ఆ రోడ్డు మీదే బర్టన్ అనే చిన్న ఊరుంది. సీరియల్లో డాక్ ఆడమ్స్ వేషం వేసిన మిల్‌బర్న్ స్టోన్ 1904లో పుట్టింది అక్కడే. హాలీవుడ్ వాళ్లు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కౌబాయ్ టోపీలు పెట్టిన రోజుల్లో, కాన్సస్ డాక్టరుగా నిజంగా కాన్సస్‌లో పుట్టిన మనిషే దొరికాడు.

బర్టన్‌లో ఆపించాను. వెడల్పాటి వీధి, రైలు పట్టాలు, ఎండ. మనిషి లేడు. ఒక కుక్క మా కారు చుట్టూ తిరిగి, నచ్చక వెళ్లిపోయింది. "ఇప్పుడేం చేద్దామమ్మా?" అన్నాడు మా అబ్బాయి. ఏం చేయాలి? దిగి నిలబడ్డాను. మీసం తుడుచుకుంటూ, చెవి లాక్కుంటూ విసుక్కునే ఆ ముసలాయన పసివాడిగా ఈ గాలే పీల్చి ఉంటాడని అనుకున్నాను. మా ఆయన కారులోంచే అన్నాడు, "ఎన్టీఆర్ సినిమాకి తీసుకెళ్తే ఇంటికొచ్చి రమణారెడ్డి గురించే మాట్లాడే మనిషి ఈవిడ" అని. నిజమే, ఏం తప్పు?

హీరోని, అంటే ఊళ్లో పోలీసు పని చూసే మార్షల్ మ్యాట్ డిలన్‌ని నేనేమీ అనను. జేమ్స్ ఆర్నెస్, ఆరడుగుల ఏడంగుళాల మనిషి, ఇరవై ఏళ్లూ ఆ వేషం వేశాడు. కానీ ఆయన తలుపు తోసుకుని వస్తే కథ అయిపోతుంది. ఆయన వచ్చేదాకా మనల్ని కూర్చోబెట్టేది డాక్, లాంగ్‌బ్రాంచ్ అనే సెలూన్ (బార్) నడిపే మిస్ కిట్టీ, కుంటికాలితో మార్షల్‌కి కాఫీ కాచే సహాయకుడు చెస్టర్, ఆ తర్వాత వాడి స్థానంలోకి వచ్చిన మొరటు మనిషి ఫెస్టస్. అవార్డులూ అదే చెప్తాయి. చెస్టర్ వేసిన డెనిస్ వీవర్‌కి 1959లో ఎమ్మీ వచ్చింది, డాక్‌కి 1968లో వచ్చింది. హీరోకి ఒక్కటీ రాలేదు.

కిన్స్‌లీలో న్యూయార్క్‌కి 1561 మైళ్లు, శాన్‌ఫ్రాన్సిస్కోకి 1561 మైళ్లు అని రాసిన బోర్డు దగ్గర పులిహోర తిన్నాం. స్పియర్‌విల్ దగ్గర గాలిమరలు. ఇంకాసేపటికి వాసన మొదలైంది. మా అబ్బాయి అద్దంలోంచి నన్ను చూశాడు, నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఒకప్పుడు టెక్సాస్ నుంచి పశువుల్ని తోలుకొచ్చి రైలెక్కించిన ఊరది. ఇప్పుడూ బతుకు పశువుల మీదే, పెద్ద పెద్ద మాంసం ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో పనికి వచ్చి స్థిరపడ్డవాళ్లతో ఊళ్లో సగానికి పైగా స్పానిష్ మాట్లాడే కుటుంబాలే. సీరియల్లో చూసిన ఊరు కోసం వెళ్తే దుకాణాల మీద స్పానిష్ అక్షరాలు. నాకు అదే మేలైంది. మాంసం ఊళ్లో శాకాహారికి తిండి పెట్టింది ఒక చిన్న మెక్సికన్ హోటల్. ఆవిడకి ఇంగ్లీషు అంతంతే, నాకూ అంతంతే. చేతులతో మాట్లాడుకుని, పంది కొవ్వు వేయకుండా బీన్స్, అన్నం, పచ్చిమిరపకాయ చట్నీ తెప్పించుకున్నాను.

ఊరి నిండా విగ్రహాలు. "నీ డాక్ ఇక్కడున్నాడు, రా" అని మా ఆయన కేకేస్తే పరుగున వెళ్లాను. పేక ముక్కల ముందు కూర్చున్న కంచు మనిషి. డాక్ హాలిడే! పళ్ల డాక్టరు, జూదగాడు, 1878లో నిజంగా ఈ ఊళ్లో ఉన్నవాడు. చరిత్ర ప్రకారం ఆయనే అసలు, మా డాక్ కల్పితం. అయినా ఉసూరుమనిపించింది.

బూట్‌హిల్ మ్యూజియంలో పాత ఫ్రంట్ స్ట్రీట్‌ని మళ్లీ కట్టి పెట్టారు. అసలు వీధి 1885లో మంటల్లో పోయింది. తుపాకుల ప్రదర్శన జరుగుతుంటే మనవడు చెవులు మూసుకుని ఏడ్చాడు. వాణ్ని తీసుకుని లాంగ్‌బ్రాంచ్ సెలూన్‌లోకి వెళ్లి సార్సపరిల్లా తాగాను. మన సుగంధి సోడాకి దగ్గరి చుట్టం.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చున్నాడు, గోధుమ రైతునని చెప్పాడు. ఏ దేశం, ఎందుకొచ్చారు అని అడిగాడు. ఫెస్టస్ కోసం అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "ఫెస్టస్ ఇండియాలో కూడా వస్తాడా?"

"రాడు. మీ టీవీలోనే చూశాను."

వెంటనే ఒక కన్ను మూసి, మెడ ఒంచి, గొంతు మార్చి ఫెస్టస్ అయిపోయాడు. మనవడు ఏడుపు మానేశాడు. ఇక మా ఇద్దరికీ మాటలాగలేదు. ఆయనది చెస్టర్ పార్టీ. చెస్టర్ వెళ్లిపోయాక సీరియల్ పాతదిలా లేదంటాడు. నేను ఒప్పుకోలేదు. డాక్, ఫెస్టస్ ఒకరినొకరు తిట్టుకోని ఎపిసోడ్ ఉప్పులేని పప్పు. పైసా కట్టకుండా డాక్ చేత బీరు కొనిపించుకుని మళ్లీ ఆయన్నే దెప్పే ఫెస్టస్‌ని ఎలా కాదంటారు? డెనిస్ వీవర్ శాకాహారి అనీ, పరమహంస యోగానంద మార్గంలో నడిచినవాడనీ చెప్తే ఆయన నమ్మలేదు. ఫోన్లో చూపించింది మా కోడలు. ఆయన నవ్వి ఇంకో రహస్యం చెప్పాడు. కౌంటరు వెనక ఎప్పుడూ గ్లాసులు తుడిచే సామ్, గ్లెన్ స్ట్రేంజ్, అంతకుముందు సినిమాల్లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడట. ఆ శాంతమూర్తి! ఆ రైతు మనసులో అసలు స్థానం మాత్రం లూయీ ఫీటర్స్‌ది, సీరియల్లో ఊరి తాగుబోతు. "ప్రతి ఊళ్లో ఒకడుంటాడు, మా ఊళ్లో మా చిన్నాన్న" అన్నాడు. వాళ్లావిడ అయితే కిట్టీ లేదని ఆఖరి సీజన్ చూడనే లేదట.

రాత్రి మోటెల్‌కి నూట నలభై డాలర్లు! రైలు కూతలు ఫ్రీ. "రూపాయల్లోకి మార్చకమ్మా" అన్నాడు మా అబ్బాయి. అప్పటికే మార్చేశాను.

పొద్దున్నే అసలు గొడవ. అదే యూఎస్-50 మీద ఇంకో మూడు గంటలు పడమటికి పోతే కొలరాడోలో లాస్ ఆనిమస్. ఫెస్టస్ వేసిన కెన్ కర్టిస్ పెరిగిన ఊరు. వాళ్ల నాన్న అక్కడ షెరీఫ్, జైలు భవనంలోనే కాపురం, ఖైదీలకి వంట వాళ్లమ్మే చేసేది. ఆ మొరటు గొంతు మనిషి అంతకుముందు పేరున్న పాటగాడని తెలుసా? పైగా అటు వెళ్తే గడియారం గంట వెనక్కి, టైమ్ కలిసొస్తుంది. ఇన్ని చెప్పాను.

"అక్కడ ఏముంటుందమ్మా?" అన్నాడు.

"బర్టన్‌లో ఏముందని ఆగాం?"

"అదే కదా నేననేది."

సోమవారం ఆఫీసట. కారు తూర్పుకే తిరిగింది. ప్రాట్ దాకా నేను మాట్లాడలేదు. అక్కడ కాఫీ ఇప్పించి, నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో తప్పకుండా తీసుకెళ్తానన్నాడు. మా రిటర్న్ టికెట్లు అక్టోబర్‌కి. బుక్ చేసింది వాడే.