బాజే మందు మానేసిన రోజు

అమెరికాలోని కొలంబస్‌లో నర్సుగా చేరేముందు నాకు టీబీ చర్మ పరీక్ష చేస్తే చెయ్యి ఇంత లావున పొంగింది. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల కూడా అలా అవుతుందట, రక్తపరీక్షకైతే బీసీజీతో పేచీ లేదన్నారు. తీరా అదీ పాజిటివే. ఎక్స్‌రే మాత్రం శుభ్రంగా ఉంది, అంటే క్రిమి ఒంట్లో నిద్రపోతోంది, నా నుంచి ఎవరికీ అంటదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మొదటి మాట, "ఎవరికీ చెప్పకు."

మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో భూటాన్ నుంచి వెళ్లగొట్టిన నేపాలీలు ఎక్కువ. తొంభైల మొదట్లో నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ శిబిరాలకు చేరి, దాదాపు ఇరవై ఏళ్లు వెదురు గుడిసెల్లో ఉండి, 2008 నుంచి ఇక్కడికి వచ్చారు. విమానం ఎక్కేముందే నట్టలకు ఆల్బెండజోల్ మింగించేవారు, మన స్కూళ్లలో ఫిబ్రవరిలో పిల్లలకిచ్చే మాత్రే అది. దానికి ఏలికపాములు పోతాయి గానీ స్ట్రాంగిలాయిడిస్ అనే మొండిది ఆ ఒక్క డోసుకు లొంగదు. చెప్పుల్లేని కాలి చర్మంలోంచి దూరి, లోపలే పిల్లల్ని పెడుతూ పదుల ఏళ్లు ఉండిపోతుంది. మల పరీక్షకు చాలాసార్లు దొరకదు కూడా. రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువగా కనిపిస్తే అనుమానించాలి. అది చూడకుండా ఆయాసానికో కీళ్ల నొప్పులకో స్టెరాయిడ్ ఇచ్చారా, ఒళ్లంతా పాకి ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఇసినోఫిల్స్ కాలమ్ చూడనిదే నేను ఫైలు మూయను.

ఒక పెద్దాయనకు ఈ పురుగూ, నాలాగే నిద్రపోతున్న టీబీ క్రిమీ, రెండూ ఉన్నాయి. నాతో హిందీలో మాట్లాడేవారు, నన్ను నానీ అనేవారు, అంటే నేపాలీలో చిన్నపిల్ల; నేను బాజే అనేదాన్ని, అంటే వాళ్లలో తాతయ్య. పురుగుకు ఐవర్‌మెక్టిన్ రెండు రోజుల్లో అయిపోయింది, పేచీ రాలేదు. టీబీ దగ్గరే వచ్చింది. దగ్గు లేదు, జ్వరం లేదు, నాలుగు నెలలు రోజూ రిఫాంపిన్ ఎందుకు మింగాలి? ఎప్పుడో లేస్తుందేమో అన్న క్రిమి కోసమా? ఆయన అడిగినదాంట్లో తప్పేముంది, నాకు ఇదే మందు రాసినప్పుడు నేనూ అదే అడిగాను. ఎలాగో ఒప్పించాను.

మూడో వారం నుంచి మానేశారు. విషయం ఏమిటంటే, మూత్రం నారింజ రంగులో వస్తోంది, రక్తం పడుతోందని భయపడి మందు సీసా మంచం కింద దాచేశారు. అది మందు రంగు, వేరే ఏమీ కాదు. ముందే చెప్పాల్సింది నేను. నా బాత్‌రూంలో రోజూ అదే చూస్తూ కూడా మర్చిపోయాను, సిగ్గేసింది.

డాక్టరు తప్పిన రోజులు లెక్కేశారు, పదకొండు. ఆరు నెలల్లోపు 120 డోసులు పూర్తయితే సరిపోతుంది, కొనసాగించమన్నారు. రంగు సంగతి నా మీద పెట్టి చెప్పాను, నేనూ అదే మందు మింగుతున్నానని. బాజే డాక్టరుతో మాట్లాడే దుబాసీ ఫోన్ పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ అడిగారు, "నీదీ అదే రంగా నానీ?"

"అదే బాజే."